లెక్కలో లేని ఇరవై రెండు నిమిషాలు

కరీంనగర్, మంకమ్మతోట
జూన్ 4

అంబదాస్ మామకు మమత నమస్కారాలు.

డిస్కు చేరింది. దానికి చుట్టిన నీ ఉత్తరమూ చేరింది. కాకపోతే రెండో పేజీ వెనక బస్సు కండక్టరు ఎవరిదో ఫోన్ నంబరు రాసుకున్నాడు. డబ్బా ఎందుకు తెరిచాడో, నా ఉత్తరం ఎంతవరకు చదివాడో నువ్వే అడిగి చెప్పు.

ఆఫీసులో నవ్వుతారు మామా. మన ట్రస్టుకున్న ఆరు ఆస్పత్రుల నుంచీ వారం వారం బ్యాకప్ డిస్కులు బస్సు పార్శిల్లో వస్తాయి. ఐదు డిస్కులకు బుడగల కవరు చుట్టి ఉంటుంది, ఉట్నూర్ డిస్కుకు మాత్రం ఉత్తరం చుట్టి ఉంటుంది. "మీ మామకు ఫోను లేదా?" అని అడుగుతారు. ఫోను ఉంది, చెవులే లేవు, పద్దెనిమిదేళ్లు సిరిసిల్ల మరమగ్గాల మధ్య నిలబడితే ఆ చప్పుడు వాటిని తినేసింది అని చెప్తాను. వాట్సాప్ పెట్టుకోమంటే నువ్వు ఆ గుండీల ఫోను వదలవు. వదలకులే. వారానికోసారి నా పేరు మీద చేతిరాతతో వచ్చే కాగితం ఇదొక్కటే.

ఇక పని మాట. కంప్యూటర్లు నెమ్మదిగా ఉన్నాయని అన్ని ఆస్పత్రుల డాక్టర్లూ మొత్తుకుంటున్నారు. ఆ నెమ్మది ఎక్కడుందో తెలియాలంటే కొలవాలి. డబ్బాలో పెన్‌డ్రైవ్ ఉంది, అందులో నేను రాసిన చిన్న స్క్రిప్టు ఉంది. పేరు ‘కొలత’. అది సెకనుకోసారి సర్వర్ డిస్కు మీద చిన్న ముక్క రాస్తుంది. రాసుకున్నానని డిస్కు ఒప్పుకునేదాకా కాచుకుని, ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో ఒక ఫైల్లో ఒక లైను వేస్తుంది. ఆ తర్వాత ఇంకో ముక్క. మెమరీ అడ్డం దూరి ముందే ‘రాసేశా’ అని బొంకకుండా, ప్రతి ముక్కా నేరుగా డిస్కుకే పోయేట్టు పెట్టాను. చాలామంది అక్కడే బోల్తా పడతారు. నీ మేనకోడలు పడలేదు.

ఎట్లా నడపాలో వెనక పేజీలో రాశాను. నల్ల తెర చూసి బెదిరిపోకు. ఒక్కో అక్షరం చూసి కొట్టు, ఆఖరున ఎంటర్ నొక్కు. అమ్మ పోయి నేను మీ ఇంటికొచ్చిన ఏడు, నువ్వు నేర్చుకునే టైపు ఇన్‌స్టిట్యూట్‌కే నన్నూ వెంటబెట్టుకుపోయావు. ఇప్పుడు నేర్పే వంతు నాది.

మమత


ఉట్నూర్, ఆస్పత్రి వెనక క్వార్టరు
జూన్ 15

ఇంజినీరమ్మ మమతకు మామ ఆశీర్వాదాలు.

నీ కొలత నడుస్తున్నది. మొదటిసారి కొడితే అట్లాంటి ఫైలే లేదన్నది. రెండోసారి నాకు అధికారం లేదన్నది. ఇరవై ఏండ్ల సంది ఈ ఆస్పత్రి సర్వరుకు దుమ్ము తుడిచేది నేను, నాకు అధికారం లేదట! నువ్వు వెనక పేజీల రాసిన సుడో అనే మాట ముందల పెట్టి కొడితే అప్పుడు దారికొచ్చింది.

తర్వాత అంకెలు ఒకదాని కింద ఒకటి వచ్చుడు మొదలైంది. మూడు, మూడు, రెండు, నాలుగు, మూడు. చూసుకుంట అరగంట కూసున్న. ఎవరో నాతోని మాట్లాడుతున్నట్టే అనిపించింది. నవ్వకు. ఇక్కడ నాతోని మాట్లాడాలంటే మనుషులకు మస్తు కష్టం. కంపౌండర్ కైలాసం అరచెయ్యి మీద పెన్నుతోని రాసి చూపిస్తడు. పెన్ను లేని రోజు ఊకుంటడు.

పని బాగనే ఉన్నది. పోయినేడు స్టోరుల మందులు మాయమైనప్పటి నుంచి కొత్త రూలు పెట్టిండ్రు. డాక్టరు చీటీ నేను కంప్యూటర్ల ఎక్కించాలె, స్టోరు కిటికీ కాడ స్లిప్పు ప్రింట్ కావాలె, అప్పుడే కైలాసం మందు ఇస్తడు. స్లిప్పు లేనిది సూది కూడ బయటికి రాదు.

మీ కమలవ్వ అత్త పోయి మొన్నటికి ఆరేండ్లు నిండినయి. ఒక గిలాస బియ్యం వండుకుంటున్న. అది కూడ మిగులుతున్నది. విద్యాధర్ మంచిగున్నడా? అల్లుని ఊసు ఒక్క ముక్క రాయవేంది?

కండక్టరును అడిగిన. రాసుకునుడానికి కాయితం దొరకలేదట. ఉత్తరం చదవలేదని దేవుని మీద ఒట్టు పెట్టిండు. చదివినట్టే ఉన్నడు.

మామ అంబదాస్


ఉట్నూర్
జూలై 27

మమత బిడ్డకు,

మంగళవారం ఇక్కడ ఒక ఘోరం జరిగింది. మధ్యాహ్నం రెండు దాటినంక పోశవ్వ అనే ఆమెను జీపుల తీసుకొచ్చిండ్రు. పత్తి చేన్ల కలుపు తీస్తుంటే కుడి కాలుకు పాము కరిచింది. డాక్టరు చీటీ రాసిండు. రెండు పదకొండుకు నేను ఎక్కించి సేవ్ నొక్కిన. తెర మీద చక్రం తిరుగుడు మొదలైంది. తిరుగుతనే ఉన్నది. మళ్ళా నొక్కిన, మళ్ళా తిరిగింది. ఆ టైముకు మిగతా ఆపరేటర్లందరు తిండికి పోతరు, నడిచేది నా కంప్యూటర్ ఒక్కటే. స్లిప్పు లేనిది కైలాసం తాళం తియ్యడు, తీస్తే వాని నౌకరి పోతది. పోశవ్వ కొడుకు నా కిటికీ కాడ నిలబడి అరుస్తున్నడు. నాకు వినపడదాయె. వాని నోరు తెరుచుకునుడు, మెడ నరాలు ఉబ్బుడు, గంతే కనిపించింది.

రెండు ముప్పై మూడుకు స్లిప్పు వచ్చింది. ఇరవై రెండు నిమిషాలు బిడ్డా.

పాణం దక్కింది. ఆదిలాబాద్ తీసుకపోయినంక మోకాలు కింద కాలు తీసేసిండ్రు. ఇంజెక్షన్ జర ముందు పడితే కాలు దక్కునేమో అని మా డాక్టరు అన్నడట. అప్పటి నుంచి నాకు బువ్వ దిగుతలేదు.

ఆలస్యం ఎవరిదని విచారణ పెట్టిండ్రు. కంప్యూటర్ ఆగిందని చెప్పిన. ఎవరు నమ్ముతలేరు. "చెవిటాయన, చూపు కూడ తగ్గింది, సేవ్ నొక్కకుండనే నొక్కిన అనుకొని కూసున్నడు" అంటున్నరు. నీ కొలత ఆ రోజు నడుస్తనే ఉన్నది. దాని ఫైలు ఈ డిస్కుల పెట్టిన. జర చూసి, ఆగిన మాట నిజమని వాళ్ళకు ఒక్క మాట రాయి. నాకు వేరే సాక్షి లేరు.

మామ


కరీంనగర్
ఆగస్టు 6

మామకు,

ఫైలు చూశాను. ఎట్లా చెప్పాలో తెలియక రెండు రోజులు ఆగాను.

ఆ మంగళవారం మొత్తానికి డిస్కు తీసుకున్న సమయం సగటున మూడు మిల్లీసెకన్లు. వందలో తొంభై తొమ్మిది సార్లు ఎనిమిదికి లోపే. కంటి రెప్ప వేసి తీసేలోపు ఆ డిస్కు ముప్పై సార్లు రాయగలదు. మధ్యలో ఏవో కొన్ని పిచ్చి అంకెలున్నాయి. అవి కొలతలో పొరపాట్లు, అట్లాంటివి తీసేసే ఎవరైనా లెక్క చూస్తారు. డిస్కు ఆగలేదు మామా.

మా మేనేజరు జగపతిరావు సారు విచారణ కోసం రిపోర్టు అడిగారు. సొంత మనిషి విషయం కాబట్టి ఒక్క మాట అటూ ఇటూ కాకుండా రాసి, సంతకం చేసి ఇచ్చాను. ‘మేనమామ అని కూడా చూడలేదు, అది నిజాయితీ అంటే’ అని అందరి ముందూ మెచ్చుకున్నారు. అక్టోబర్‌లో సర్వర్లన్నిటికీ ఇన్‌ఛార్జిగా నన్నే వేస్తారంటున్నారు. నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను ఈ మాట?

నీకు యాభై ఏడు నిండాయి. కళ్ళు చూపించుకుని ఎన్నేళ్లయింది? ఎదురుగా ఒక మనిషి అరుస్తుంటే ఎవరి చేతులైనా వణుకుతాయి. ఒక మీట నొక్కబోయి ఇంకోటి నొక్కడం పెద్ద నేరం కాదు. జరిగింది జరిగింది. నువ్వు కావాలని చేశావని ఎవరూ అనడం లేదు.

వేళకు తిను.

మమత


ఉట్నూర్
ఆగస్టు 17

మమత బిడ్డకు మామ ఆశీర్వాదాలు.

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివిన. ఇగ నాకు అనుమానం లేదు. వేరే ఎవరన్న చెప్తే కొట్లాడుదును. నువ్వు కొలిచినవంటే అది ఖరారు.

రోజు పొద్దున లేస్తనే ఆ మంగళవారం మళ్ళా మొదటి నుంచి గుర్తు చేసుకుంటున్న. సేవ్ మీద వేలు పెట్టిన. నొక్కిన్నా? నొక్కిన అనే అనిపిస్తది. చక్రం తిరిగింది. తిరిగింది నిజంగ చూసిన్నా, లేకుంటె తర్వాత నేనే పుట్టించుకున్ననా? ఇప్పుడు సమజ్ అయితలేదు. మనిషికి తన చెయ్యి మీదనే నమ్మకం పోతే ఎట్లుంటదో నీకు రాయ వస్తలేదు. తాళం వేసి నాలుగు అడుగులు పోయి మళ్ళా వచ్చి చూస్తున్న. స్టవ్ బంద్ చేసిన్నా లేదా అని లేచి చూస్తున్న.

నన్ను కిటికీ కాడికెల్లి తీసి పాత కాయితాల గదిల కూసోబెట్టిండ్రు. శనివారం డబ్బా కట్టే పని మాత్రం వదిలిపెట్టిండ్రు, సంతోషం.

నిన్న ఒకటి గుర్తొచ్చి నవ్వుకున్న. కార్ఖానల మగ్గం సాంచకు మీటరు ఉండేది, నీకు యాదికుందా? సాంచ నడిస్తే మీటరు తిరుగుతది. పోగు తెగి సాంచ ఆగితే మీటరు కూడ ఆగుతది. నేను రోజుకు రెండు గంటలు పోగులు అతుక్కుంట నిలబడేటోన్ని. సేటు వచ్చి మీటరు చూసి "ఇండ్ల ఎక్కడ ఆగినట్టు లేదు గదా" అనేటోడు. తిరిగింది ఉంటది గని, ఆగింది మీటరు మీద ఎట్ల ఉంటది? అప్పట్ల సేటుతోని మస్తు కొట్లాడిన. ఇప్పుడు కొట్లాడ శాతనైతలేదు. ఈ మీటరు నీదాయె.

‘నా అజాగ్రత్త వల్లనే ఆలస్యం జరిగింది’ అని సెప్టెంబర్ ఆఖరు లోపల సంతకం పెడితే ఇంటికి పంపి ఊకుంటరట. పెట్టకుంటె కేసు అంటున్నరు. పెడ్త. ఇరవై ఏండ్ల నౌకరి గిట్ల ముగుస్తదనుకోలేదు గని, చేసిన తప్పు చేసిన అని ఒప్పుకునుడే మంచిది.

విద్యాధర్‌ను అడిగినట్టు చెప్పు.

మామ


కరీంనగర్
ఆగస్టు 27

మామకు,

ఉత్తరం చేరింది. ఇక్కడ నాలుగు రోజులుగా వాన. మానేరు డ్యాం గేట్లు తీశారని అందరూ చూడబోతున్నారు. నేను పోలేదు.

సంతకం ఇప్పుడే పెట్టకు. గడువుంది కదా, ఆగు. ఎందుకని అడగకు.

ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. ఇంతకన్నా రాయడానికి ఏమీ తోచడం లేదు. స్టవ్ గురించి భయపడకు, సిలిండర్ దగ్గరే కట్టేసి పడుకో.

మమత


ఉట్నూర్
సెప్టెంబర్ 14

మమత బిడ్డకు,

రెండు వారాలు డబ్బాల ఉత్తరం పెట్టలేదు. కోపం కాదు. ఒక పని చేసిన, అది రాయాల్నా వద్దా అని ఆలోచించిన.

ఒకటో తారీఖు ఆదివారం పోశవ్వ ఊరికి పోయిన. జీపుల అరగంట, అక్కడికెల్లి బురదల నడక. చిన్న పెంకుటిల్లు. ఆమె అరుగు మీద కూసోని చిక్కుడుకాయలు తుంచుతున్నది. నన్ను కొడుకు గుర్తుపట్టిండు. లేచి ముందటికొచ్చి నా అంగీ పట్టుకున్నడు. ఏమేమో అన్నడు. నాకు వినపడలే గని అర్థమైంది. వాడు వదిలినంక నేను అరుగు ముందల కూసోని పోశవ్వకు ఉన్న ఒక్క కాలు మీద చెయ్యి పెట్టి చెప్పిన. "నేనే ఆ కిటికీ కాడ కూసునేటోన్ని. మీట నొక్కకుండ కూసున్న. నీ కాలు నా వల్లనే పోయింది" అన్న. నా గొంతు ఎంత పెద్దగ వస్తదో నాకు తెల్వదు కదా, వాడకట్టు అంతా వచ్చి నిలబడ్డరు. పోశవ్వ చిక్కుడుకాయల గిన్నె నా దిక్కు జరిపింది. నేను కూడ తుంచుకుంట కూసున్న.

ఎనిమిదో తారీఖు మళ్ళా పోయిన. కట్టు మార్చే గుడ్డ, దూది తీసుకపోయిన. కోడలికి కట్టు కట్టరాదు, నేను కైలాసంను చూసి నేర్చుకున్న. జొన్నరొట్టె పెట్టిండ్రు. ఇంటిల్లిపాది మధ్యల కూసోని తిని ఆరేండ్లయింది బిడ్డా. కొడుకు ఇంక నా మొఖం చూస్తలేడు, అది వాని హక్కు.

తప్పు చెప్పుకున్నంక మనసు జర తేలికైంది. తాళం దగ్గరికి మళ్ళా మళ్ళా పోవుడు కూడ తగ్గింది. నువ్వు సంతకం ఆపు అన్నవు. ఎందుకు ఆపాలె? ఈ నెల ముప్పైకి పెట్టేస్త. నా గురించి ఫికర్ చెయ్యకు.

మామ


కరీంనగర్
సెప్టెంబర్ 17

మామా,

ఈ ఉత్తరం చదివేదాకా సంతకం పెట్టకు, చదివాక అసలే పెట్టకు. నువ్వు సేవ్ నొక్కావు. నొక్కానని చెప్పిన ప్రతిసారీ నొక్కావు. చక్రం తిరగడం నిజం. ఆగింది డిస్కు. తప్పు నాది.

నీ మీటరు మాట చదివిన రెండో రోజు, ఆగస్టు ఇరవై ఒకటిన, ఆ ఫైలు మళ్ళీ తెరిచాను. ఈసారి అంకెలు చూడలేదు, లైన్లు లెక్కపెట్టాను. సెకనుకో లైను చొప్పున రోజుకు ఎనభై ఆరు వేల నాలుగు వందలు ఉండాలి. పదమూడు వందల పదకొండు తక్కువున్నాయి. అన్నీ రెండు పదకొండుకూ రెండు ముప్పై మూడుకూ మధ్యవే. నా స్క్రిప్టు ముందటి ముక్క పూర్తయ్యేదాకా కాచుకుంటుందని మొదటి ఉత్తరంలో గొప్పగా రాశాను చూడు, అక్కడే ఉంది దరిద్రం. డిస్కు ఆగితే స్క్రిప్టూ దాంతోపాటే ఆగి కూర్చుంది. ఆగిన ఇరవై రెండు నిమిషాలకు కలిపి అది వేసిన లైన్లు తొమ్మిదే. ఒక్కోటి రెండు నిమిషాలకు పైన. ఏ డిస్కూ అంతసేపు తీసుకోదని ఆ తొమ్మిదింటినీ పిచ్చి అంకెలని నేనే తీసేశాను. ఆ తొమ్మిదే నీ సాక్షులు. సగటు అందంగా రావాలని సాక్షులను నేనే బయటికి గెంటాను.

ఇప్పుడు అసలు మాట. ఇది తెలిసి ఇవాళ్టికి ఇరవై ఏడు రోజులు. ‘పని ఎక్కువగా ఉంది’ అని నీకు రాసిన రోజుకు నాకు అంతా తెలుసు. చెప్పలేకపోయాను. నిజాయితీ అని మెచ్చుకున్న మనుషుల ముందుకు పోయి, నా రిపోర్టు తప్పు అని చెప్పే ధైర్యం లేకపోయింది. ఆ పదవి పోతుందని భయపడ్డాను. గడువు ఆఖరుదాకా ఉంది కదా, ఏదో దారి దొరుకుతుందిలే అనుకున్నాను. నేను అట్లా అనుకుంటూ కూర్చున్న రోజుల్లోనే నువ్వు బురదలో నడిచిపోయి, చేయని తప్పుకు ఆమె కాలు పట్టుకున్నావు. నీ ఉత్తరం ఆఫీసులోనే చదివాను. చదివి బాత్రూంలోకి పోయి తలుపేసుకున్నాను.

విద్యాధర్ సంగతి నువ్వడిగిన ప్రతిసారీ దాటేశాను. ఏడాదిన్నర అయింది, హైదరాబాద్‌లో వేరే ఉంటున్నాడు. రాడు. ఈ ఉద్యోగం ఒక్కటే నాకు మిగిలిందనుకున్నాను. సాకు కాదు, జరిగింది చెప్తున్నాను. నువ్వు మిగిలి ఉన్నావని ఎందుకు తోచలేదో నాకే తెలియదు.

నిన్న పొద్దున జగపతిరావు సారుకు కొత్త రిపోర్టు ఇచ్చాను. నొక్కి పెడతారేమోనని విచారణ కమిటీ అందరికీ, ఆరు ఆస్పత్రులకూ పంపాను. పాత రిపోర్టు తప్పని, చేసింది నేనని, నీ మాట అక్షరాలా నిజమని రాశాను. ఆయన ఇన్‌ఛార్జి సంగతి తర్వాత చూద్దాం అన్నారు. ఆ ‘తర్వాత’ అనేది రాదు, తెలుసు.

నన్ను తిట్టు. నువ్వు తిట్టకపోతే నేను తట్టుకోలేను.

మమత


ఉట్నూర్
సెప్టెంబర్ 28

మమతకు,

కమిటీ వాళ్ళు వచ్చి పోయిండ్రు. సర్వరుల డిస్కు లోపల పాడయ్యి, ఆగి ఆగి నడుస్తున్నదని తేలింది. కొత్తది వేసిండ్రు. స్లిప్పు రూలు కూడ మార్చిండ్రు, ప్రాణం మీదికి వస్తే చేతి చీటీతోనే మందు ఇయ్యాలట. సోమవారం నుంచి మళ్ళా కిటికీ కాడ కూసుంటున్న. కైలాసం అరచెయ్యి మీద ‘సారీ’ అని రాసి చూపెట్టిండు.

తిట్టుమన్నవు. తిడుత. కొలత తప్పు పోతే పోయింది, సదువుకున్నోళ్ళకు కూడ తప్పులు పోతయి, దానికి నాకు కోపం లేదు. ఇరవై ఏడు రోజులు నీ దగ్గర పెట్టుకున్నవు చూడు, దానికి ఉన్నది. ఆ ఇరవై ఏడు రోజులు నేను నా చేతులను చూసుకుంట బతికిన. అన్నం కలిపే చెయ్యిని కూడ నమ్మలే. నువ్వు ‘వాన పడుతున్నది, డ్యాం గేట్లు తీసిండ్రు’ అని రాసినవు. ఇంత కోపం నీ మీద నాకు ఎప్పుడు రాలే. మీ అత్త ఉంటే నీకు గట్టిగ నాలుగు పెట్టేది.

విద్యాధర్ ఊసు ఇన్ని రోజులు కడుపుల పెట్టుకున్నవు. దానికి ఏడ్చిన. ఒక్కదానివే ఆ ఇంట్ల ఎట్లుంటున్నవే?

ఇగ ఒక పని ఉన్నది, అది నాతోని అయితలేదు. మొన్న ఆదివారం పోశవ్వ ఇంటికి పోయిన, తప్పు నాది కాదని చెప్పాలనే పోయిన. కట్టు మార్చిన, రొట్టె తిన్న, వచ్చేసిన. నోరు రాలే. ఎందుకు రాలేదో నీకు కాబట్టి చెప్తున్న. తప్పు నాదైతేనే నాకు ఆ ఇంట్ల పని ఉన్నది. కాకుంటె నేను ఎవరిని వాళ్ళకు? ఏమని పోవాలె? ఆదివారాలు పొద్దుగూకదు బిడ్డా. అట్లని ఆమెను మోసం చేసి ఆమె రొట్టె తినుడు కూడ మంచిగ లేదు.

లెక్క తప్పింది నువ్వు. నువ్వు వచ్చి చెప్పు. నేను దారి చూపిస్త.

మామ


కరీంనగర్
అక్టోబర్ 22

మామకు,

నిన్న పొద్దున బస్సెక్కించేటప్పుడు కిటికీలోంచి ఏదో పెద్దగా అన్నావు. ‘మళ్ళా రా’ అన్నావని బస్సంతా విన్నది. వస్తాను.

ఆదివారం పోశవ్వ దగ్గర జరిగింది నీకు రాయాలి. నేను ఆమె పక్కన కూర్చుని చెప్తుంటే నువ్వు వాకిట్లో మంచం మీద కూర్చుని మా ఇద్దరి నోళ్ళనే చూశావు. జీపులో వచ్చేటప్పుడు ‘ఏమన్నది?’ అని చెయ్యి తిప్పి అడిగావు. నేను పర్సులో పెన్ను వెతికినట్టు నటించి, లేదన్నాను. పెన్ను ఉంది. అప్పుడే రాసి చూపిస్తే నీ ముందు ఏడ్చేదాన్ని.

డిస్కు, స్క్రిప్టు అంటే ఆమెకు ఏం తెలుస్తుంది? మిషన్ ఆగిందని, ఆగలేదని నేను తప్పుగా రాశానని, నీ చేతి తప్పు ఏమీ లేదని చెప్పాను. తెలిసి కూడా నెల రోజులు దాచానని చెప్పాను. కొడుకు లేచి విసురుగా బయటికి పోయాడు, నువ్వూ చూశావు. ఆమె నా వంక చూడలేదు. తన కట్టునే చూసుకుంది.

"నువ్వు తప్పు రాసినవని గాయన వచ్చి నా కాలు పట్టుకున్నడా?" అని అడిగింది. అవునన్నాను.

"నీ మీద నాకు కోపమే బిడ్డా. జల్ది పోదు" అంది. పోవాలని నేనూ అడగలేదు.

తర్వాత నీ దిక్కు చూసింది. నువ్వు అప్పుడు వాళ్ళ కోడలు ఆరేసిన చిక్కుడు గింజలు కోళ్ళు తినకుండా కర్రతో అదిలిస్తున్నావు. అప్పుడు ఆమె అన్నది ఇది. ఆమె అన్నట్టే రాస్తున్నాను.

"మీ దవాఖాన కెల్లి గీ గడపకు వచ్చింది గాయన ఒక్కడే. తప్పు లేదంటివి గద. మరి ఇగ రాడా?"

దీనికి జవాబు నేను చెప్పేది కాదు మామా. ఆమె అడిగింది నిన్ను.

మమత